పిలాటీస్ విడిగా నేర్చుకోవాలా, నలుగురితో కలిసి నేర్చుకోవాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: వయసు 46, రోజులో ఎక్కువ భాగం కుర్చీలో గడిచే ఉద్యోగం, రెండేళ్లుగా వచ్చిపోతున్న నడుము నొప్పి. పరీక్షించిన వైద్యుడు భయపడవలసినదేమీ లేదని చెప్పి, వ్యాయామం మొదలుపెట్టమన్నారు. దగ్గర్లో పిలాటీస్ (ఊపిరితో కలిపి నిదానంగా, అదుపుగా కదులుతూ చేసే వ్యాయామ పద్ధతి) నేర్పే చిన్న స్టూడియో ఒకటి ఉంది. అందులో నాలుగు రిఫార్మర్లు, అంటే స్ప్రింగులు తగిలించిన జారే పలక ఉన్న మంచంలాంటి పరికరాలు, ఉన్నాయి. దాన్ని నడిపే ఆమే పాఠాలు చెబుతారు. ఒక్కరికే చెప్పే పాఠానికీ, నలుగురికి కలిపి చెప్పే తరగతికీ రుసుములో చాలా తేడా ఉంది. ఆ తేడా భరించడం సమంజసమేనా, భరిస్తే ఎన్నాళ్లు, అసలు ఇంట్లో వీడియో చూసి చేసుకుంటే సరిపోదా అన్నవి మీ సందేహాలు.

నేను పదహారేళ్లుగా పిలాటీస్ నేర్పుతున్నాను. అందులో సగం కాలం పెద్ద తరగతులకు, మిగతా సగం విడి పాఠాలకు గడిచింది. మీ పరిస్థితిలో ఉన్నవారికి నేను ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: మొదటి ఎనిమిది నుంచి పది పాఠాలు విడిగా తీసుకోండి, ఆ తరువాత చిన్న తరగతిలో చేరండి, వీడియోను ఆ తరువాతి దశకు ఉంచుకోండి. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే మీ స్టూడియోలో ఇస్తున్నది నిజంగా వ్యక్తిగత శిక్షణ అవునో కాదో మీరే తేల్చుకోగలుగుతారు.

రిఫార్మర్ మీద మొదట నేర్పేది సాధారణంగా పాదాలతో చేసే వ్యాయామం. వెల్లకిలా పడుకుని, పాదాలు ఫుట్‌బార్ అనే అడ్డకడ్డీ మీద ఆనించి, మోకాళ్లు చాపుతూ ముడుస్తూ ఉంటే కింద ఉన్న క్యారేజ్, అంటే ఆ జారే పలక, స్ప్రింగుల బిగువుకు ఎదురుగా వెళ్లి తిరిగి వస్తుంది. చూసేవారికి ఇందులో నేర్చుకోవలసినది ఏముందనిపిస్తుంది. కాని పక్కన నిలబడి చూస్తున్న శిక్షకురాలికి ఆ పది సార్ల కదలికలో మీ శరీరం గురించి ఎంతో తెలుస్తుంది: ఒక మడమ రెండవదానికన్నా ముందుగా దిగుతోందా, మోకాలు లోపలికి వాలుతోందా, కాళ్లు చాపిన ప్రతిసారీ పక్కటెముకలు పైకి లేస్తున్నాయా, క్యారేజ్ తిరిగి వచ్చేటప్పుడు దాన్ని మీరు నిదానంగా తెస్తున్నారా లేక స్ప్రింగే లాక్కొస్తోందా, బరువు పెరిగిన క్షణంలో ఊపిరి బిగబడుతున్నారా. వీటిలో ఒక్కటి కూడా చేసేవారికి తెలియదు. ఎన్నో ఏళ్లుగా ఒక పక్కకు ఒరిగి కూర్చున్న మనిషికి ఆ ఒరుగుడే తిన్నగా తోస్తుంది. తుంటిని నేను చేత్తో సరిచేసి మధ్యకు తెచ్చినప్పుడు, "ఇప్పుడు వంకరగా ఉంది" అని అభ్యంతరం చెప్పినవారు నా దగ్గర చాలామందే ఉన్నారు. అద్దం కొంత సహాయపడుతుంది, కాని పడుకుని చేసే వ్యాయామంలో అద్దంలోకి చూడాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పగానే చూడవలసిన భంగిమ చెడిపోతుంది. వీడియోకు అసలు మీరు కనబడరు.

ఇక స్ప్రింగుల సంగతి. వ్యాయామశాలలో బరువు పెంచితే కష్టం పెరుగుతుంది, తగ్గిస్తే సులువవుతుంది. రిఫార్మర్ మీద ఈ లెక్క అన్నిచోట్లా పనిచేయదు. పాదాల వ్యాయామంలో స్ప్రింగులు పెంచితే కాళ్లకు పని పెరగడం నిజమే. కాని చేతులు ఫుట్‌బార్ మీద, పాదాలు క్యారేజ్ మీద ఉంచి దేహాన్ని పలకలా నిలిపి క్యారేజ్‌ను వెనక్కి తోసే వ్యాయామంలో స్ప్రింగులు తగ్గించిన కొద్దీ క్యారేజ్ జారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆపవలసిన భారం పొత్తికడుపు మీద, భుజాల మీద పడుతుంది. పడుకుని పాదాలకు పట్టీలు తగిలించి కాళ్లతో వలయాలు తిప్పేటప్పుడు సైతం, స్ప్రింగు కొంత గట్టిగా ఉంటే అదే కాళ్ల బరువును మోసి నడుముకు ఊరట ఇస్తుంది. మరీ తేలిక చేస్తే కాళ్ల బరువు మొత్తం నడుమే మోయాలి. కాబట్టి "నేను కొత్త, నాకు తక్కువ స్ప్రింగులు చాలు" అని వినయంగా అడిగిన మనిషి తెలియకుండా తనకు అతి కష్టమైనదాన్ని కోరుకున్నట్లు కావచ్చు. ఏ వ్యాయామానికి, ఏ రోజున, ఈ నడుముకు ఎంత బిగువు పెట్టాలన్న నిర్ణయమే విడి పాఠంలో మీరు కొనుక్కుంటున్నది. నలుగురి తరగతిలో ఆ నిర్ణయం ఒకసారి అందరికీ కలిపి జరుగుతుంది: ఎర్రవి రెండు, నీలం ఒకటి అని చెప్పి మొదలుపెట్టేస్తారు. బిగువును బట్టి స్ప్రింగులకు వేసే ఆ రంగులు కూడా తయారీ సంస్థను బట్టి మారతాయి కనుక, ఒక చోట కంఠస్థం చేసిన రంగులు ఇంకో చోట పనికిరావు. బిగువు ఎందుకు మారుతోందో అర్థం చేసుకున్నవారు మాత్రం ఎక్కడికి వెళ్లినా నెట్టుకురాగలరు.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలో పుట్టారు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో నిర్బంధంలో ఉన్నారు, 1926లో అమెరికా చేరి భార్య క్లారాతో కలిసి న్యూయార్క్‌లోని ఎయిత్ అవెన్యూలో స్టూడియో నడిపారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. ఆ స్టూడియోలో ఇప్పటిలా అందరూ ఒకేసారి ఒకే వ్యాయామం చేసే తరగతి ఉండేది కాదు. వచ్చిన ప్రతి ఒక్కరూ తమకు నిర్ణయించిన క్రమాన్ని తాము చేసుకుంటూ పోయేవారు. దంపతులిద్దరూ గదిలో తిరుగుతూ, అవసరమైన చోట ఆగి, సరిదిద్దేవారు. అంటే గదిలో పదిమంది ఉన్నా శిక్షణ వ్యక్తిగతమే. ఇప్పటికీ కొన్ని చిన్న స్టూడియోలు ఈ పద్ధతినే పాటిస్తున్నాయి: ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఒక్కొక్కరిదీ ఒక్కో క్రమం. మీ స్టూడియోలో ఇలాంటి ఏర్పాటు ఉందేమో తప్పకుండా అడగండి. ఉంటే, విడి పాఠాల తరువాత మీరు చేరవలసినది అందులోనే; రుసుము తగ్గుతుంది, మీ క్రమం మీదే ఉంటుంది. గదిలో ఎంతమంది ఉన్నారనే లెక్క కన్నా, పాఠం ఎవరిని చూసి తయారైందన్నది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఒంటరిగా నేర్పుతూనే, గంట క్రితం వెళ్లిపోయిన మనిషికి చేయించిన వరుసనే మీతోనూ చేయించే శిక్షకులు ఉన్నారు. అక్కడ వ్యక్తిగతంగా ఉండేది రసీదు మాత్రమే.

అదే జోసెఫ్ పిలాటీస్ 1945లో ప్రచురించిన పుస్తకంలో మ్యాట్ మీద చేసే 34 వ్యాయామాలు ఒక వరుసలో ఉన్నాయి. ఇంటి దగ్గర చేసుకొమ్మని వచ్చే వీడియోల్లో చాలావాటికి మూలం ఆ వరుసే. అది హండ్రెడ్ అనే వ్యాయామంతో మొదలవుతుంది: వెల్లకిలా పడుకుని తల, భుజాలు లేపి, కాళ్లు చాపి నేలకు కొంచెం ఎత్తులో నిలిపి, చేతులను పక్కన కిందికి పైకి ఆడిస్తూ ఐదు లెక్కలకు ఊపిరి పీల్చి, ఐదు లెక్కలకు వదులుతూ, మొత్తం నూరు లెక్కలు పూర్తి చేయాలి. ఆరోగ్యంగా ఉన్న నర్తకికి ఇది ఒళ్లు వేడెక్కించే పని. రెండేళ్లుగా నడుము నొప్పితో ఉన్న మీకు చాపిన కాళ్ల బరువు నడుమును నేల నుంచి పైకి గుంజుతుంది, తల బరువు మెడకు పడుతుంది, మొదటి నిమిషంలోనే "ఇది నాకు పడదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నేనైతే ఇలాంటివారికి మోకాళ్లు మడిచి, పాదాలు నేల మీద, తల నేల మీద ఉంచి, చేతులు మాత్రమే ఆడించమంటాను. కొన్నిసార్లు మూడు నాలుగు వారాల వరకూ హండ్రెడ్ జోలికే వెళ్లను. వీడియోలో ఇలాంటి మార్పులు చెప్పరని కాదు, చెబుతారు. వాటిలో మీకు ఏది, ఎప్పుడు, ఎంతకాలం అన్నది వీడియో చెప్పలేదు.

శిక్షకురాలిని ఎలా అంచనా వేయాలి? 2000 సంవత్సరంలో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం పిలాటీస్ అన్నది ఒక వ్యాయామ పద్ధతికి సాధారణ నామమనీ, ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదనీ తీర్పు ఇచ్చింది. దానివల్ల ఈ విద్య విస్తరించింది, మంచిదే. కాని బోర్డు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియకుండా పోయింది. వారాంతపు మ్యాట్ శిక్షణతో నేర్పేవారూ, అన్ని పరికరాల మీదా 450 గంటలు, అంతకు మించి అభ్యసించి, పరిశీలించి, పర్యవేక్షణలో నేర్పి వచ్చినవారూ ఒకే పేరుతో కనిపిస్తారు. కాబట్టి ఎక్కడ, ఎన్ని గంటలు నేర్చుకున్నారో, రిఫార్మర్ ఒక్కటేనా లేక క్యాడిలాక్, చెయిర్, బ్యారెల్ అనే ఇతర పిలాటీస్ పరికరాలు కూడా వచ్చా అని నేరుగా అడగండి. మంచి శిక్షకులు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, పైగా సంతోషిస్తారు.

ధ్రువపత్రం కన్నా మొదటి పాఠమే ఎక్కువ చెబుతుంది. మిమ్మల్ని పరికరం మీదికి ఎక్కించేముందు ఆమె నిలబెట్టి చూశారా, ముందుకు వంగమని, వెనక్కి వాలమని, కుర్చీలోంచి లేవమని అడిగారా? నొప్పి ముందుకు వంగినప్పుడు ఎక్కువా, వెనక్కి వంగినప్పుడు ఎక్కువా అని కనుక్కున్నారా? ఇది చిన్న ప్రశ్న కాదు. ముందుకు వంగితే నొచ్చే నడుముకు వెన్ను గుండ్రంగా చుట్టే వ్యాయామాలు మొదట్లో తగవు; వెనక్కి వాలితే నొచ్చేవారికి అవే హాయినిస్తాయి. ఈ తేడా తెలుసుకోకుండా మొదలుపెట్టిన పాఠం ఎంత బాగున్నా ఊహ మీద నడుస్తున్నట్లే. రెండవ పాఠానికి వెళ్లినప్పుడు మొదటిసారి ఏం జరిగిందో ఆమె ఎక్కడైనా రాసి ఉంచుకున్నారో గమనించండి. మీ పక్కనే తానూ వ్యాయామం చేస్తూ లెక్కపెట్టే మనిషి మిమ్మల్ని చూడడం లేదు. డిస్కును సరిచేస్తానని, శరీరంలోని విషాలు పోగొడతానని హామీ ఇస్తే అక్కడి నుంచి వచ్చేయడమే మంచిది.

మాటల విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక్క కదలికకు ఏడెనిమిది సూచనలు ఇచ్చేదాన్ని: భుజాలు దించండి, గడ్డం లోపలికి, పక్కటెముకలు కిందికి, మోకాళ్లు దగ్గరగా, ఊపిరి వదలండి. విన్నవారు బిగుసుకుపోయేవారు, నేనేమో వారికి పట్టు చాలదనుకుని మరిన్ని చెప్పేదాన్ని. ఒకేసారి ఒకటి, ఎక్కువైతే రెండు సూచనలు ఇచ్చి ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీ శిక్షకురాలు అప్పుడప్పుడూ మౌనంగా ఉండి చూస్తున్నారంటే అశ్రద్ధ అనుకోకండి.

దీనికి అనుబంధంగా, ఈ రంగంలోనే చాలామంది ఒప్పుకోని నా అభిప్రాయం ఒకటుంది. బొడ్డును వెన్నుకు లాగిపెట్టి రోజంతా అలాగే ఉండమని చెప్పే అలవాటు నడుము నొప్పి ఉన్నవారికి మేలు చేయదని నా అనుభవం. ఎప్పుడు నొప్పి పుడుతుందోనన్న భయంతో వారి నడుము, పొట్ట కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. దాని మీద ఇంకో బిగింపు వేస్తే ఊపిరి ఛాతీ పైభాగానికి ఎక్కుతుంది, మెడ గట్టిపడుతుంది. పొత్తికడుపు లోపలి పొర, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్, కింద కటి అడుగున ఉండే పెల్విక్ ఫ్లోర్ కండరాలు, వెనుక వెన్నుపూసలను పట్టి ఉంచే చిన్న కండరాలు, ఇవన్నీ ఊపిరితో పాటు బిగిసి సడలుతూ పనిచేయవలసినవి. బరువు ఎత్తేటప్పుడు బిగియాలి, పని అయ్యాక సడలాలి. కాబట్టి మొదటి రెండు పాఠాల్లో పక్కటెముకలు పక్కలకు, వెనక్కు విప్పారేలా ఊపిరి పీల్చడం మీదే ఎక్కువ సమయం గడిస్తే డబ్బు వృథా అయిందనుకోవద్దు. మీలాంటివారికి నడుము నొప్పిలో నేను చూసిన మొదటి తేడా తరచుగా అక్కడి నుంచే వచ్చింది.

పిలాటీస్ నడుము నొప్పిని తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు అతిశయోక్తి లేకుండా సమాధానం చెప్పాలి. వైద్య అధ్యయనాలను కూడి పరిశీలించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కూడి చూసి, దాదాపు ఏ చికిత్సా లేకుండా ఉండడంతో పోలిస్తే పిలాటీస్ వల్ల నొప్పి, ఇబ్బంది తగ్గుతున్నాయనీ, కాని ఇతర వ్యాయామాల కన్నా అది మెరుగని చెప్పడానికి గట్టి ఆధారం లేదనీ తేల్చింది. ఆ ఆధారాల నాణ్యత కూడా తక్కువ నుంచి మధ్యస్థం వరకేనని చెప్పింది. దీన్ని నేను నిరుత్సాహంగా తీసుకోను. నడుముకు మేలు చేసే వ్యాయామాలు చాలా ఉన్నాయి, వాటిలో మీరు మానకుండా చేసేదే మీకు పనికొస్తుంది. శ్రద్ధగా చూసే మనిషి ఒకరు వారానికి రెండుసార్లు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటే మానేయడం కొంచెం కష్టం, చిన్న స్టూడియోకు ఉన్న బలం అది.

ఆ బలంలోనే ఒక బలహీనత కూడా ఉంది. ఒకే మనిషి నేర్పే చోట ఆమె చూపు ఎంతవరకు వెళ్తుందో మీ పాఠం అంతవరకే వెళ్తుంది. రెండో అభిప్రాయం చెప్పేవారుండరు. పైగా మీరు ఎన్నాళ్లు ఆధారపడితే అన్నాళ్లు ఆమెకు ఆదాయం. చాలామంది శిక్షకులు నిజాయితీపరులే, అయినా మీరు గుర్తు పెట్టుకోవలసిన పరీక్ష ఒకటి చెబుతాను: పది పాఠాలు పూర్తయ్యాక ఎవరూ పక్కన లేకుండా ఐదారు వ్యాయామాలు ఇంట్లో మ్యాట్ మీద సరిగా చేయగలుగుతున్నారా, రిఫార్మర్ మీద మీరు వాడే స్ప్రింగులు ఎన్నో, ఎందుకో చెప్పగలుగుతున్నారా? చెప్పలేకపోతే ఆమెతోనే మాట్లాడండి. ఇంటికి వరుస రాసి ఇవ్వమని ఐదవ పాఠం నాటికే అడగవచ్చు. అలాగే స్ప్రింగులు చివరిసారి ఎప్పుడు మార్చారని కూడా అడగండి. అవి వాడకంతో అలసిపోతాయి, రెండేళ్లకోసారి మార్చమని చెప్పే తయారీదారులు ఉన్నారు; చిన్న స్టూడియోలు ఖర్చు చూసి వాయిదా వేసే పని ఇదే. కొక్కెం దగ్గర తుప్పు, తీగల మధ్య ఖాళీలు, పాడైన తాళ్లు కనబడితే ఆ పరికరం ఎక్కకండి.

కాలక్రమం విషయానికొస్తే, వారానికి రెండు విడి పాఠాలు, ఐదు వారాలు. వారానికి ఒకటి చొప్పున పది వారాలు చేస్తే డబ్బు అంతే ఖర్చవుతుంది, కాని మొదట్లో శరీరం నేర్చుకున్నది ఏడు రోజుల్లో సగం మరిచిపోతుంది. మూడవ వారం నుంచి పాఠం లేని రోజుల్లో ఇంట్లో పదిహేను నిమిషాలు. ఆరవ వారం నుంచి చిన్న తరగతి, నెలకు ఒక విడి పాఠం. ఆ ఒక్క పాఠంలో తరగతిలో చేరిన తప్పులు సరిచేయించుకోవచ్చు. పిలాటీస్‌తో మీ వ్యాయామమంతా పూర్తయినట్లు కాదని కూడా గమనించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. రిఫార్మర్ మీద నిదానంగా సాగే పాఠం గుండెకు అంత పని చెప్పదు, కాబట్టి చురుకైన నడక మానకండి. రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే నడుముకు ఆ నడక కూడా మందులాంటిదే.

నొప్పి గురించి స్పష్టమైన హద్దు పెట్టుకోవాలి. పాఠం తరువాత కండరాల్లో కలిగే నొప్పి, నడుములో కొద్దిపాటి అసౌకర్యం మరుసటి రోజుకల్లా సర్దుకుంటే కొనసాగించవచ్చు. నొప్పి కాలిలోకి దిగుతున్నా, పాదంలో తిమ్మిరి, బలహీనత కనిపించినా అక్కడితో ఆపి వైద్యుడికి చూపించండి. మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా అదే రోజు అత్యవసర చికిత్సకు వెళ్లాలి. మీకు వర్తించకపోయినా ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను: ఎముకలు గుల్లబారినవారు వెన్నును బలంగా ముందుకు చుట్టే, దొర్లే వ్యాయామాలు చేయకూడదు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు తల కిందికి వచ్చే భంగిమలకు దూరంగా ఉండాలి, గర్భిణులు తమ వైద్యురాలి అనుమతితో, గర్భిణులకు నేర్పడంలో ప్రత్యేక శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయాలి.

మొదటి పాఠానికి వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ నివేదికలుంటే తీసుకెళ్లండి, కాని వాటికన్నా ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. ఉదయం నిద్ర లేచాక మేజోళ్లు తొడుక్కునేటప్పుడు ఎంత వంగగలుగుతున్నారో, ఎన్ని నిమిషాలు కూర్చుంటే నొప్పి మొదలవుతుందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పడుతుందో ఈ వారమే ఒక కాగితం మీద రాసి, దాన్ని ఆమె చేతికివ్వండి. పదవ పాఠం రోజున ఇద్దరూ కూర్చుని అదే కాగితం మళ్లీ చూడండి. విడి పాఠాలు కొనసాగించాలా, తరగతికి మారాలా అన్నది అప్పుడు నన్ను అడగవలసిన అవసరం ఉండదు.